కాలవలో పారేసిన మటర్

మామయ్య తెచ్చిన మిలిటరీ కూర డబ్బాల్ని అమ్మమ్మ మడి చాదస్తంతో కాలవలో పారేయించిందని మా తమ్ముడు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతాడు. అబద్ధం. పారేయించింది నా చదువు.

వాడికిప్పుడు అలాంటి పాత డబ్బాలు పోగుచేసే పిచ్చి. మొన్న నిడదవోలులో వాళ్లింటికి వెళితే నా ముందే ఒకటి కోశాడు. రేకూ, ఉడికిన బఠాణీ కలిసిన ఆనాటి వాసనే.

అప్పుడు నేను ఆరో తరగతి. హిందీ కొత్త. నీచు ముట్టని అమ్మమ్మ కోసం మామయ్య పటాలంలో ఇచ్చే తన వాటాలోంచి దాచి, సెలవులకి తెచ్చిన ఆకుపచ్చ డబ్బాలవి. మొదటిదాని మూత సగం తెగేసరికి నేను దానిమీద అక్షరాలు కూడబలుక్కున్నాను. 'మట' దాకా చదివి, మిగతాది ఊహించేశాను.

"ఆలూ మటన్, అమ్మమ్మా."

"ఏరా, కన్నతల్లి చేత మాంసం తినిపిస్తావట్రా?" అంది అమ్మమ్మ మామయ్యతో.

మామయ్య నావంక ఒకసారి చూశాడు. డబ్బాలన్నీ సంచిలో వేసుకుని కాలవ దాకా వెళ్లొచ్చాడు.

మటర్ అంటే బఠాణీ అని రెండు నెలల తర్వాత హిందీ మాస్టారు చెప్పారు. నేను ఇంట్లో చెప్పలేదు. అది నా తప్పే, కాదనను. కానీ ఏళ్ల తరబడి హిందీ వాళ్ల మధ్య బతికిన మామయ్యకి ఆ రోజే తెలుసు కదా. ఒక్క మాటతో తేలిపోయేదానికి ఆయనెందుకు ఊరుకున్నాడు?