దేవదూత రెక్కలతో నౌపడ ప్రయాణం

ప్రార్థన చెయ్యకుండా నేను ప్రయాణానికి గడప దాటను. మా అమ్మ నేర్పిన అలవాటిది. అయితే మా అమ్మ ప్రార్థన రెండు ముక్కల్లో ముగిసేది. నాది మాత్రం ఏళ్లు గడిచినకొద్దీ పొడుగైపోయింది. నర్సుగా ఊళ్లు పట్టుకు తిరిగి పురుళ్లు పోసినదాన్ని. తెలిసినవాళ్లు ఎక్కువ, వాళ్ల కష్టసుఖాలు ఇంకా ఎక్కువ. అందరినీ ఒకసారి దేవుడి చెవిన వెయ్యకుండా ఆమేన్ అనడానికి మనసొప్పదు.

మా ఆయన తీరు వేరు. ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. మిల్లు మానేసి ఇన్నేళ్లైనా సైరన్ మాత్రం ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. ఎనిమిదింటికి రైలంటే ఏడింటికే చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడతారు. ఆయన భక్తిపరుడే, కానీ ఆయన భక్తి గడియారం చూసుకుంటుంది.

పోయిన క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు నౌపడ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. అక్కడి చర్చిలో ఆదివారం బడి పిల్లలకి పాఠాలు చెబుతుంది. ఏటా క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆ పిల్లలచేత నాటకం ఆడిస్తుంది.

"అప్పా, కొంప మునిగిపోనాది. దేవదూత ఏసే గుంటకి ఆటలమ్మ పోసినాది. నీ మనవరాలు నీ కాడే ఉన్నాది కదా, దాన్ని తీసుకొచ్చీ" అంది. మా వైపు అక్కని అప్పా అంటారు, ఆడపిల్లని గుంట అంటారు.

మనవరాలికి తొమ్మిదేళ్లు. వాళ్లది విశాఖపట్నం. సెలవులకని ముందే మా ఇంటికి వచ్చేసింది. కొడుకూ కోడలూ పండగ పొద్దున్న కారులో నేరుగా నౌపడ వస్తామన్నారు. నువ్వు దేవదూతవి అనగానే ఆ పిల్ల ఎగిరి గంతేసి, "మరి రెక్కలో?" అంది.

రెక్కల పని మా ఆయన తీసుకున్నారు. వెదురు బద్దలు వంచి, వాటికి గోనెగుడ్డ బిగించి కుట్టి, దాని మీద తెల్లకాగితాన్ని ఈకల్లా కత్తిరించి అంటించారు. అందం తర్వాత, ముందు సరుకు గట్టిగా ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. రెండు రెక్కల్నీ మధ్యలో కలిపి కుట్టేశారు. ఇక మడతపెట్టడానికి లేదు, విడదీయడానికి లేదు. గుమ్మంలోంచి బయటికి తేవాలంటే అడ్డంగా తిప్పి తేవాలి.

"ఇది దేవదూతా, గద్దా?" అన్నాను.

"ఆకాశం నుంచి దిగాలి కదేటి. సిన్న రెక్కలైతే మద్దిలో పడిపోదా?" అన్నారు.

ప్రయాణం నాటి పొద్దున్న ముగ్గురం తలలు వంచాం. నేను మొదలుపెట్టాను. రైలు డ్రైవరు కోసం, గార్డు కోసం, ఎండనక వాననక పట్టాలు చూసుకునేవాళ్ల కోసం, మా చెల్లెలి మోకాళ్ల కోసం, ఆటలమ్మ పోసిన పిల్ల కోసం, పక్కింటావిడ కోడలికి నెలలు నిండుతున్నాయి కాబట్టి ఆమె కోసం ప్రార్థించాను. మా ఆయన ఒకసారి దగ్గారు. అది చూసి ఆయన గొంతు కోసం కూడా ప్రార్థించాను. మనవరాలు మధ్యలో రెండుసార్లు ఆశగా ఆమేన్ అంది గానీ నేను ఆగలేదు.

ఆటోలో నెల్లిమర్ల స్టేషనుకి చేరేసరికి పాసింజరు కదిలిపోతోంది. చివరి పెట్టె మా ముందునుంచే, తీరిగ్గా, ఏ తొందరా లేనట్టు వెళ్లిపోయింది. ముగ్గురం రెక్కలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం.

మా ఆయన కోప్పడలేదు. వెళ్తున్న రైలునే చూస్తూ, "డ్రైవరు గురించి బాగా ప్రార్థన సేసినావు. సరిగ్గా టైముకి తీసుకెలిపోనాడు" అన్నారు.

నాకు సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. మనవరాలైతే బెంచీ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. దేవుడు కూడా ఆ పూట నవ్వుకునే ఉంటాడు. ఇన్నేళ్లుగా నా గొంతు వింటున్నవాడు.

ఇక బస్సే దిక్కు. ఆటోలో విజయనగరం వెళ్లాం. ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కబోతే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏటి బాబూ ఇవి? లగేజీ కొట్టాలి."

"లగేజీ కాదు నాయినా, ఒంటి మీదవే. దేవదూత రెక్కలు" అన్నారు మా ఆయన, మనవరాల్ని ముందుకి తోస్తూ.

కండక్టరు పిల్లని చూశాడు, రెక్కలని చూశాడు. "ఆడోళ్లకి టిక్కెట్టు నేదు. దేవదూత ఆడపిల్లే కాబట్టి రెక్కలకీ నేదు. మీ ఒక్కరికే బాబూ" అన్నాడు. రైలు తప్పించిన నేను ఉచితంగా కూర్చుంటే, గంట ముందు చెప్పులు తొడుక్కున్న మనిషి టిక్కెట్టు కొన్నారు. ఆ మాట దారి పొడుగునా నాలుగుసార్లు గుర్తుచేశారు.

అసలు ప్రయాణం శ్రీకాకుళంలో టెక్కలి బస్సు మారాక మొదలైంది. బస్సు కిటకిటలాడుతోంది. ముందువైపు రాడ్డు పట్టుకుని మా ఆయన నిలబడ్డారు. వెనక మూడు సీట్ల బెంచీలో ఒక ఎండుచేపలమ్మే ఆవిడ ఖాళీ గంపలు రెండు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. నా వయసే ఉంటుంది. సరుకంతా శ్రీకాకుళంలో అమ్మేసి సముద్రం పక్కనున్న తన ఊరికి తిరిగి వెళ్తోంది.

"ఇటు రండప్పా" అని జరిగి, మా ఇద్దరికీ చోటిచ్చింది. రెక్కలు ఎక్కడ పెట్టాలో తెలియక పిల్ల అవస్థ పడుతుంటే, "ఇలగ తే" అని అందుకుని, గంపల మీద కప్పిన గుడ్డ తీసి వాటికి చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఆ గుడ్డకి ఎండుచేపల వాసన ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ అంత ఆదరంగా చేసిన మనిషిని ఏమంటాం?

"ఏటమ్మా ఇవి? ఏ వేసం?" అని అడిగింది.

మనవరాలికి అంతకంటే ఏం కావాలి? కథ మొత్తం మొదలుపెట్టింది. జనాభా లెక్కలని రాజు ఆజ్ఞ వెయ్యడం, ఎవరి ఊరికి వాళ్లు వెళ్లాల్సి రావడం, నిండు నెలలతో ఉన్న మరియమ్మ గాడిద మీద కూర్చుని బయల్దేరడం. అక్కడికొచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆగాగు. నిండు సూలాల్ని గాడిద మీద ఎక్కించినాడా? ఆ మగోడికి బుద్ధి నేదేటి?"

"గాడిదే ఉంది మరి వాళ్లకి" అంది మనవరాలు.

ముందు సీట్లోంచి ఒక పెద్దాయన వెనక్కి తిరిగాడు. తలపాగా, చేతిలో విత్తనాల సంచీ. "బండి కట్టొచ్చు కదా? అడుగున గడ్డి పరిస్తే కుదుపుండదు" అన్నాడు.

"బీదోళ్లకి బండెక్కడిది బావా?" అందావిడ. ఆయనెవరో ఆవిడకి తెలియదు. బస్సు ఎక్కితే మా వైపు అందరూ బావలే.

సత్రంలో చోటు దొరకలేదని పిల్ల చెబితే బస్సులో ఆ మూలంతా నొచ్చుకుంది. పశువుల పాకలో కాన్పయిందంటే ఆ రైతు తల ఊపి, "పాక మంచిదే. సలికాలం పశువుల కాడ ఎచ్చగుంటాది" అన్నాడు. మనవరాలు ఉత్సాహంగా తన వంతు దాకా వచ్చింది. దేవదూత దిగడం, గొల్లలు బెదిరిపోవడం చెప్పబోతుంటే చేపలావిడ మళ్లీ ఆపింది.

"అది సరే గానీ, పురుడెవరు పోసినారు?"

మనవరాలు నా వైపు తిరిగింది. "మామ్మా, ఎవరు పోశారు?"

ఊహ తెలిసినప్పటినుంచి ఏటా వింటున్న కథ. ఎన్నిసార్లు చదివానో, ఎంతమంది పిల్లలకి చెప్పానో. పురుళ్లు పొయ్యడమే పనిగా బతికినదాన్ని. బురదలో నడిచి, కాలవలు దాటి, లాంతరు వెలుగులో కూడా బిడ్డల్ని అందుకున్నదాన్ని. ఒక్కసారి కూడా నాకీ అనుమానం రాలేదు. బిడ్డ పుట్టాడని చెప్పగానే నక్షత్రం వైపు చూసేశాను.

"రాయలేదమ్మా ఎక్కడా" అన్నాను.

"రాయకపోతే నేనట్టేటి? ఊరన్నాక ఆ పని తెలిసిన ముసిల్ది ఒకర్తి ఉండదా? ఎవరో పిలిసుంటారు, ఒచ్చుంటాది. పని సేసుకుని ఎలిపోయుంటాది. మనలాటోళ్ల పేర్లు ఎవులు రాస్తారప్పా?" అంది, చాలా మామూలుగా, రెక్కలకి చుట్టిన గుడ్డ సర్దుతూ.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నేనూ పురుళ్లు పోసిన నర్సునే అన్నాను. "మరింకేటి, నీకే తెలాలి" అని నవ్వింది. టెక్కలిలో దిగేటప్పుడు పిల్ల బుగ్గలు పుణికి, "బాగా ఎగురు తల్లీ" అని దీవించి తన గంపలు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ పేరు అడగడం నేనే మర్చిపోయాను.

ఆటోలో నౌపడ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఉప్పు మళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. చర్చి ముందు మా చెల్లెలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏటే అప్పా, దేవదూత ఆకాశం నుంచి దిగినా ఇంతసేపు పట్టదు!" అంది. అంతలో ముక్కు ఎగబీల్చి, "ఈ కంపేటి?" అంది.

వాసన పోయే టైము లేదు. పౌడరు డబ్బా సగం ఖాళీ చేసినా రెక్కల మీద చేపలదే పైచెయ్యి. మనవరాలు మాత్రం అదేమీ పట్టించుకోలేదు. తిన్నగా మా చెల్లెలి దగ్గరికి వెళ్లి, "చిన్నమామ్మా, నాటకంలో పురుడు పోసేవాళ్లు లేరు. మామ్మని పెట్టాలి" అంది.

"బైబిలు వాక్యంలో మంత్రసాని ఎక్కడుందే?"

"లేదని కూడా రాయలేదు కదా."

అక్కడే కుర్చీలు వేయిస్తున్న పాస్టరు గారు ఆ మాట విని పెద్దగా నవ్వారు. "లేదని రాయలేదు, నిజమే. అమ్మగారూ, ఎక్కండి స్టేజీ" అన్నారు. నేను వద్దంటే వద్దన్నాను. మోకాళ్ల నొప్పులన్నాను. మా ఆయన ఎక్కడినుంచో ఒక తువ్వాలూ ఇత్తడి చెంబూ పట్టుకొచ్చి నా చేతిలో పెట్టేసి, వెళ్లి ముందు వరసలో కూర్చున్నారు.

అలా ఈ వయసులో మొదటిసారి స్టేజీ ఎక్కాను. నాకు మాటలేమీ లేవు. తెర వెనక నుంచి ప్లాస్టిక్ బొమ్మని తెచ్చి, మరియమ్మ వేసిన పిల్ల చేతికివ్వాలి, అంతే. కానీ బొమ్మ చేతిలో పడగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వేలితో నోరు తుడిచాను. తల కాస్త కిందికి వంచి అరికాలు మీద చిన్నగా తట్టాను. తువ్వాలుతో ఒళ్లు తుడిచి చుట్టాను.

కూర్చున్న ఆడవాళ్లలోంచి ఒకావిడ ఉండబట్టలేక, "బిడ్డ ఏడిసినాడా అమ్మా?" అని అడిగింది.

నాకు మాటల్లేవన్న సంగతి మర్చిపోయాను. "ఏడిసినాడు. మూడు కేజీల పైనే ఉంటాడు. తల్లీ బిడ్డా బాగున్నారు" అన్నాను.

చర్చంతా గొల్లున నవ్వింది. పాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేనూ నవ్వాను. ఎన్ని గుమ్మాల బయట ఎంతమంది తండ్రులకి ఆ చివరి మాట చెప్పానో. ఆ మాట విన్నప్పుడు వాళ్ల ముఖాల్లో వచ్చే వెలుగు నాకు బాగా తెలుసు. యోసేపు వేసిన పిల్లాడు కూడా, వాడికెవరూ చెప్పకుండానే, ఊపిరి వదిలి భుజాలు దించాడు.

తర్వాత మా దేవదూత దిగింది. "గొల్లలారా, బెదిరిపోకండి, మంచి కబురు తెచ్చాను" అని గట్టిగా అంది. రెక్కలు ఒక్క ఈక రాలకుండా నిలబడ్డాయి. మరియమ్మ మాత్రం ఒక చేత్తో బిడ్డనీ, ఇంకో చేత్తో ముక్కునీ పట్టుకుంది.

మర్నాడు ఆరాధన అయ్యాక కొడుకూ కోడలూ వచ్చిన కారులో అందరం సముద్రానికి వెళ్లాం. బస్సుల్లో పడి ఎందుకొచ్చారని కొడుకు నా మీద విసుక్కోబోతే, మనవరాలు వాణ్ణి కూర్చోబెట్టి ముందురోజు జరిగిందంతా మొదటినుంచి చెప్పింది. కెరటాలు కాళ్లకి తగులుతుంటే మా చెల్లెలూ నేనూ పండక్కి వండిన గులాబీ పువ్వుల పిండివంట కొరుక్కుంటూ ఇసకలో కూర్చున్నాం. మా చెల్లెలు సంచీలోంచి నాటకం నోటుపుస్తకం తీసి, పాత్రల వరసలో మరియమ్మ కింద 'మంత్రసాని' అని రాసింది.

"మాటలేటి రాయమన్నావు?" అని అడిగింది.

"ఏటీ రాయకు. పైయేడు ఏ బిడ్డ ఎలగ పుడితే అలగ సెప్తాను" అన్నాను.