వారపత్రికకెక్కిన మా అక్క

మొన్న మా మనవరాలు ఒక పాత ప్రేమ నవల కొత్త ముద్రణ తెచ్చి, అట్ట వెనక ఉన్నది పైకి చదివింది: "ఆడదాని మనసు ఆడదే రాయగలదు." పొద్దున్నే దీపం పెట్టుకుని, ఇచ్చినవాటన్నిటికీ దేవుడికి దండం పెట్టుకునే మనిషిని. ఆ మాట వినగానే పూజ పుణ్యమంతా పోయేంత కోపమొచ్చింది. ఎందుకంటే ఆ నవల రాసిన అమ్మగారికి మీసాలుండేవి.

అరవైల చివర మేం తార్నాకలో ఉండేవాళ్ళం. నేను బడి ముఖం చూడలేదు. యూనివర్సిటీలో గుమాస్తా పని చేసే మా బాపు సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి చదువు చెప్పాడు. ఆయన రుణం తీరేది కాదు. ఆ చదువుతో నేను చేసిన ఘనకార్యం వారపత్రికల్లో ప్రేమ సీరియళ్ళు మింగడం. పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసేదాన్ని. ఏ వారం కథ ఎక్కడ ఆపితే చదివే ఆడది పొయ్యి మీద అన్నం మాడబెడుతుందో నాకు అర్థమవుతుండేది. నాకూ రాయాలని పుట్టింది. అందరికన్నా ఇష్టమైన రచయిత్రికి "అక్కయ్యా" అని ఉత్తరం రాస్తే జవాబొచ్చింది, అదీ మా బాపు పనిచేసే యూనివర్సిటీ క్యాంపస్ క్వార్టర్స్ నుంచి! "నీకు తెలిసిన ప్రేమ ఉన్నదున్నట్టు రాసి పంపు చెల్లీ, దిద్దుతాను."

నాకు తెలిసింది మా అక్కదొక్కటే. కుట్టుపని నేర్చుకోడానికి రోజూ బస్సులో నల్లకుంట పోయేది. యూనివర్సిటీలో చదివే ఒకాయన కిటికీ పక్క సీట్లో పుస్తకం పెట్టి ఉంచి, అక్క ఎక్కగానే అది తీసి ఆమెకు చోటిచ్చి తాను నిలబడేవాడు. నాలుగు నెలలు. ఒక్క మాట లేదు. అక్క నాకది చెప్పి ముఖం కొంగులో దాచుకుంది. నేను నాలుగు పేజీలు నింపి పంపాను.

నెల తిరక్కుండా అది ఆ అక్కయ్య పేరుతోనే కొత్త సీరియల్‌గా అచ్చయింది. తార్నాక, కుట్టు క్లాసు, కిటికీ సీటు, అక్క బుగ్గ మీది పుట్టుమచ్చతో సహా. అప్పటికే అక్కకు సంబంధం కుదిరి ఉంది. కుట్టు క్లాసులో పిల్లలు "ఏందే, సీటు దొరికిందా?" అని మొదలుపెట్టారు. అక్క ఇంటికొచ్చి కొట్టలేదు, తిట్టలేదు. "నీకొక్కదానికే చెప్పిన గదనే" అన్నది.

ఆ మధ్యాహ్నమే క్వార్టర్స్‌కి నడిచాను. తలుపు తీసిన లెక్చరరుగారిని "అక్కయ్యగారు లేరా?" అనడిగితే ఆయన నవ్వాడు.

"ఆ అక్కయ్యను నేనేనమ్మా. ఈ రోజుల్లో మగపేరు పెడితే ఎవరు చదువుతారు?"

మగవాడని తెలిస్తే ఆ నాలుగు పేజీలు చచ్చినా రాసేదాన్నా? ఆ పేరు ఆయన భార్యదట. మంచినీళ్ళు తెచ్చిన ఆమె మెల్లగా "పేరొక్కటే నాది తల్లీ, అదీ నన్నడగలేదు" అంది.

"వచ్చే వారం ఏమైతది సార్?" అన్నాను.

"ఇద్దరూ లేచిపోతారు."

"మా అక్క పోలేదు సార్. ఆయన పేరు కూడా ఆమెకు తెల్వది. నెలరోజుల్ల లగ్గమున్నది, ఆ లేచిపోవుడు తీసెయ్యుండ్రి."

"ఊరికే నిలబడితే నవలెలా అవుతుందమ్మా?"

"నిలబడ్డదే ప్రేమ సార్. అది రాయ చేతగాక లేపుకపోతున్నరు."

ఆయన నవ్వు ఆగింది. కథ ఆగలేదు. మరుసటి వారం పత్రికలో అక్కను లేపుకుపోయాడు.

అత్తవారింట పత్రికలు చదివేవాళ్ళు లేరు, లగ్గం నిలిచింది. అందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెడతాను. అక్క ఆ తరవాత నలభై ఏళ్ళు బతికింది. పచ్చళ్ళ గురించి, పిల్లల జ్వరాల గురించి నాతో గంటలు మాట్లాడేది; తన మనసులోది మాత్రం మళ్ళీ ఒక్క ముక్క చెప్పలేదు. కాలం అన్నీ మాన్పుతుందంటారు. నలభై ఏళ్ళు మా ఇద్దరి మధ్యే కూర్చుని అది ఏం మాన్పిందో నాకు చూపించమనండి.