అవ్వ పాటలో ‘ఉండాడు’

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున గంట కొట్టకముందే మా అవ్వ గొంతు మందిరం చేరిపోయేది. పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో మా పల్లె. రేకుల కప్పు మందిరం, ఈతాకు చాపలు, ముందు వరుసలో ఆ అవ్వే, మా నాయన తల్లి దేవమ్మ.

‘చీకటి దారిలో ఉన్నాడు, చెయ్యి పట్టుకొని ఉన్నాడు’ అని దేవుని మీద అందరూ పాడేవాళ్ళు. అవ్వ మాత్రం కళ్ళు మూసుకొని ‘ఉండాడూ...’ అని సాగదీసేది. అది పాడినట్టు ఉండేది కాదు... పక్కన కూర్చున్న మనిషిని చూపించి చెప్పినట్టు ఉండేది.

మందిరంలో పాట ఎత్తేది మా నాయనే. ఒకప్పుడు కూలి, తర్వాత మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో పని దొరికింది. నచ్చనిదాన్ని ఊరికే వదిలే మనిషి కాదు. సారాయి నచ్చలేదు... మానేశాడు. దొడ్డివాకిట నిలబెట్టి దోసిట్లో నీళ్ళు పోసే ఇళ్ళకు కూలికి పోవడం నచ్చలేదు... మానేశాడు. మేమూ మట్టి పిసకడం నచ్చలేదు... బడికి పంపాడు. అందుకు ఈ రోజుకీ దేవునికి స్తోత్రం!

కానీ ఆ ఆసుపత్రిలో ఎవరో ఆయన ‘యాడ’, ‘ఉండాది’ విని నవ్వారు. ఆ నవ్వును ఆయన ఇంటికి మోసుకొచ్చాడు.

మందిరంలో జరిగే కోతల పండుగకు పట్నం నుంచి అతిథులు వస్తారని తెలిసి, అవ్వను పంచలో కూర్చోబెట్టాడు.

“అమ్మా, ‘ఉన్నాడు’ అను.”

“ఉండాడు.”

“ఉండాడు కాదమ్మా, ఉన్నాడు!”

“రెండూ ఒగటే కదప్పా. నేనిట్ల పిలిస్తే ఆయన రానంటాడా?”

“పట్నమోళ్ళు నవ్వుతారు.”

“నవ్వనీలే. పండగపూట ఏడస్తారా యేమి?”

మేం పిల్లలం పడీపడీ నవ్వాం. నాయన నవ్వలేదు.

దారిన పోతూ మా ఉపదేశి తాత ఆగాడు. ఊళ్ళో మాకు ప్రార్థన నేర్పింది ఆయనే. “ఏమప్పా, నిన్ను కుట్టేది ఆమె నోరా, నీ చెవా? ముందు అది సూసుకో” అన్నాడు.

“నీకు తెలీదు తాతా, ఆడ నన్నెట్ల సూస్తాండారో!” అని అరిచాడు నాయన. కోపంలో ఆయన నోటికి వచ్చింది కూడా అవ్వ మాటే...

పండుగ రోజు వచ్చింది. పీఠం ముందు గుమ్మడికాయలు, రాగి కంకులు, టమాటా బుట్టలు. నాయన ఆ పాటే ఎత్తాడు. ఆ చరణం వచ్చింది. అవ్వ నోరు తెరిచి ‘ఉ...’ దగ్గర ఆగింది. నాయన వైపు చూసింది. ఏ మాట అనాలో వెతుక్కునేలోగా పాట ముందుకు వెళ్ళిపోయింది. అవ్వ నోరు మూసుకుంది.

అతిథులు అసలు గమనించనే లేదు!

ఆ తర్వాత అవ్వ మందిరానికి వచ్చేది, చప్పట్లు కొట్టేది... పాడేది కాదు. “నీకు వచ్చినట్టే పాడమ్మా” అని నాయన బతిమాలినా, “గొంతు పోయింది లేప్పా” అనేది. ఆవును పిలిచేటప్పుడు మాత్రం అదే గొంతు వీధి చివరిదాకా వినపడేది.

అవ్వ మంచం పట్టినప్పుడు నాయన ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. “అమ్మా... ఆ పాట ఒక్కసారి...”

అవ్వ ఆయన వైపు తల తిప్పింది. “ఏమని పాడేదప్పా? ఉండాడనా... ఉన్నాడనా?”

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగింది.

ప్రియులారా! ఒక్క మాట పలకడం రాలేదని నది రేవు దగ్గర మనుషుల్ని నరికిన సంగతి లేఖనాల్లో చదివి వణుకుతాం. అదే రేవును మన పంచలోనే కట్టుకుంటాం! నోరు తిరగని గొర్రెల కాపరిని ఏరుకొని రాజు ముందు నిలబెట్టిన దేవునికి మా అవ్వ మాట బరువయ్యేదా? మార్చవలసినవి ఉన్నాయి... సారాయిని మార్చండి, దోసిట్లో నీళ్ళు పోసే చేతిని మార్చండి, అగ్నిలా మార్చండి! కానీ నచ్చనిదల్లా చెడ్డది కాదు. కొన్నిటి దగ్గర మారవలసింది మన చెవే.

ఇప్పుడు మా మందిరంలో పాట తెర మీద పడుతుంది, కీబోర్డు మోగుతుంది. పిల్లలు తప్పు లేకుండా ‘ఉన్నాడు’ అంటారు. ముసలివాడైన మా నాయన చివరి వరుసలో కూర్చుని పాడుతూ పాడుతూ, ఆ మాట దగ్గర ఆగిపోతాడు... అవ్వ ఆగిన చోటే.

మీ ఇంట్లో ఎవరి నోట ఏ మాటను దిద్దేశారు? ఇక్కడ రాయండి... దిద్దకుండా, వాళ్ళు అన్నట్టే.