ముందు బొత్తాం కుట్టించి చూడు

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే గది వెనక ఒక చిన్న గది ఉంది. దానికి కిటికీ లేదు, అందులో ఉన్న ఒక్క కుర్చీకి ఒక చక్రం లేదు. పంతొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలో ఒకవైపు ఒరిగి కూర్చుని ఆసుపత్రి వెబ్‌సైటు చూసుకునే ఆవిడకి నడుం నొప్పి కూడా ఒకవైపే వస్తుంది.

రోజూ ఉదయం ఎనిమిదికి డాక్టర్ల అపాయింట్‌మెంట్లు తెరుస్తారు. వేలమంది ఒక్కసారిగా మీద పడతారు. ఎనిమిదీ రెండుకల్లా సైటు చతికిలబడుతుంది. ఇక కడుపుతో ఉన్నవాళ్లూ, మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లూ వచ్చి చీటీల కిటికీ ముందు వరస కడతారు. ఆమె వాళ్లను దాటుకునే తన గదికి పోవాలి. తల వంచుకుని పోతుంది.

తప్పు తనదేనని ఆమెకు తెలుసు. సైటుకు లోపలి చట్రంలాంటిది ఫ్రేమ్‌వర్క్. పదకొండేళ్ల కిందట దాన్ని ఎంచింది ఆమే. ఓపెన్ సోర్స్‌ది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు. చేసినవాళ్లకు జీతం లేదు గనుక విసుగొస్తే వాళ్లు మానేయనూ వచ్చు. మానేశారు. నాలుగేళ్లుగా దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. చిల్లులన్నిటికీ మాసికలు వేస్తున్నది ఈవిడే.

ఇప్పుడు దాని బదులు మూడు ఫ్రేమ్‌వర్కుల్లో ఒకటి ఎంచి, నెలాఖరులోగా కాగితం మీద సంతకం పెట్టాలి. రిటైరవడానికి ఆరేళ్లుంది. ఈసారీ గురి తప్పిందంటే ఆ ఆరేళ్లూ ఇంకొకరు వదిలేసిపోయిన బరువు మోయడమే.

పెద్దసారు ఆ మూడింటి వేగం పోటీ పట్టిక ఒకటి తెచ్చి ఆమె బల్ల మీద పరిచాడు.

"చూశారా మేడమ్, ఇది సెకనుకు ఎన్ని లక్షల మందికి జవాబిస్తుందో! మిగతా రెండూ దీని కాలిగోటికి రావు."

"ఏం జవాబు సార్? ఆ పోటీలో ఇచ్చింది ఖాళీ పేజీ. మనం డాక్టర్ని ఇవ్వాలి."

పెద్దసారు నవ్వలేదు. హాస్యం ఎదురైతే ఫైలు సర్దుకోవడం ఆయన అలవాటు. "అందరూ దీన్నే వాడుతున్నారట."

"అందరూ అంటే ఎవరు సార్?"

"అందరూనండీ!"

పదకొండేళ్ల కిందట తనూ ఇలాంటి పట్టిక చూసే మోసపోయింది. పట్టిక మడిచి సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చి, సంచి చెప్పుల పక్కనే పడేసి స్టూలు మీద కూలబడింది. అత్తగారు కొడుకు చొక్కా కుట్లు విప్పుతూ కూర్చుని ఉంది.

"ముఖం అలా వేలాడేశావేమే?"

"మూడింట్లో ఒకటి ఎంచాలి అత్తయ్యా. చూపుకి మూడూ బాగానే ఉన్నాయి. చివరిదాకా నిలిచేదేదో తెలియట్లేదు."

"నీ కంప్యూటర్ల గోల నాకేం తెలుసు! నేనైతే కొత్త దర్జీ దగ్గరికి గుడ్డ పట్టుకుపోను. ముందు బొత్తాం ఊడిన చొక్కా ఒకటి పట్టుకుపోతా."

"ఎందుకూ?"

"బొత్తానికే విసుక్కుంటే, రేపు కోటు పాడుచేసి నా ముఖం చూస్తాడా వాడు? నీకు చదువు చెప్పినవాళ్లు ఈపాటి చెప్పలేదా?"

"లేదత్తయ్యా."

"ఫీజు మాత్రం పుచ్చుకునుంటారు."

మర్నాడు ఆఫీసులో ఆమె ఒక వెర్రి ప్రశ్న రాసింది. నేర్చుకోవడం మొన్ననే మొదలెట్టినవాళ్లు అడిగేలాంటిది. మూడు ఫ్రేమ్‌వర్కుల వాళ్లు మాట్లాడుకునే మూడు చోట్లా అదే పెట్టింది. పట్టికలో మొదటిదాని నుంచి గంటలో నాలుగు వెక్కిరింతలు వచ్చాయి. రెండోదాని నుంచి అలికిడే లేదు. పట్టికలో అట్టడుగున ఉన్న మూడోదాని నుంచి మాత్రం రెండో రోజు ఒక జవాబు వచ్చింది. "మొన్న ఇంకొకరూ ఇదే అడిగారు. అంటే మేం సరిగ్గా రాయలేదన్నమాట. ఆ పేజీ మార్చాను, చూడండి. ఆలస్యమైంది, ఏమనుకోకండి. ఉద్యోగం నుంచి ఇప్పుడే వచ్చాను."

చివరి మాట ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత ఆ ఫ్రేమ్‌వర్కు చరిత్రంతా తిరగేసింది. పదిహేనేళ్లుగా జనం చూపిన ప్రతి తప్పుకూ ఎవరో ఒకరు పలికారు. భారం ఒక్కరి నెత్తిన లేదు, ఏడుగురు పంచుకున్నారు.

దాంతో ఒక నమూనా కట్టి, ఇరవై వేలమంది ఉత్తుత్తి రోగుల్ని దాని మీదికి తోలింది. కుప్పకూలింది.

"చెప్పానా!" అన్నాడు పెద్దసారు, తనకే మార్కులొచ్చినట్టు.

ఆమె నమూనాను మళ్లీ విప్పింది. రెండు రోజులు కళ్లు మండేలా వెతికితే తేలింది. తప్పు చట్రానిది కాదు, తను రాసినదానిదే. రోగి వచ్చిన ప్రతిసారీ డాక్టర్ల జాబితా కోసం అది సమాచారం దాచిన చోటికి మళ్లీ పరుగెడుతోంది. నిమిషానికి ఒక్కసారి తెచ్చి దగ్గర పెట్టుకునేలా మార్చింది. ఇరవై వేలమందీ మళ్లీ వచ్చారు. ఈసారి నిలబడింది. పెద్దసారు ఫైలు సర్దుకుంటూ ఉండగానే ఆమె ఆ మూడోదాని పేరు రాసి సంతకం పెట్టేసింది.

నాలుగు నెలలకు కొత్త సైటు తెరిచారు. ఎనిమిదీ రెండు దాటింది. ఎనిమిదీ పది దాటింది. ఫోను మోగలేదు. లేచి వెళ్లి చూస్తే చీటీల కిటికీ ముందు ముగ్గురే ఉన్నారు. అందులో ఒకాయన కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడట. ఆమె చేసినదేమిటో వాళ్లకు తెలియదు, పెద్దసారుకు గుర్తులేదు.

గదికొచ్చి బల్ల మీద తల వాల్చబోతూ తెర వంక చూసింది. తను ఎంచిన ఫ్రేమ్‌వర్కు వాళ్ల చోట ఎవరో ఒక వెర్రి ప్రశ్న అడిగి ఆరు గంటలైంది. ఎవరూ పలకలేదు. ఆ ఏడుగురూ ఉద్యోగాల్లో ఉండుంటారు.

నడుం పట్టుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, ఓపిగ్గా ఆరు వాక్యాలు రాసి పంపి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అదే మనిషి మళ్లీ.

"ఇంకొకటి అడగనా?"

"అడగండి," అని రాసింది.