పిన్ని కొంగులో ఫ్యూజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి తర్వాత దేవుడు మా పెదనాన్న. ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీలో ఆఫీసరు. తను పొద్దున్నే స్కూటరెక్కి వెళ్ళకపోతే దేశం మొత్తం చీకటైపోతుందన్నట్టు మాట్లాడేవాడు. నేనోసారి ఫ్యాను కట్టెయ్యడం మర్చిపోతే, కరెంటేమన్నా చెట్లకి కాస్తోందా అంటూ చెవి మెలిపెట్టాడు. ఆ చెవి నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది, నమ్మండి.

మా బాబాయి చేసుకొచ్చిన పిన్నిది గోదావరి పక్క అడవుల్లో బొగ్గు గనుల ఊరు. వాళ్ళ నాన్న భూమిలోకి దిగి తవ్విన బొగ్గే రైలెక్కి వచ్చి పెదనాన్న ఫ్యాక్టరీలో మండేది. తయారైన కరెంటు పెద్ద పెద్ద తీగల మీద వాళ్ళ పేట మీదుగానే ఎక్కడికో పోయేదట. వాళ్ళ ఇళ్ళల్లో మాత్రం కిరసనాయిలు దీపాలు. పిన్ని పుట్టింటి నుంచి ఒక లాంతరు కూడా తెచ్చుకుంది. పెదనాన్నకి అదొక్కటి చాలు. మీ ఊళ్ళో ఫ్యాన్లు తిరుగుతాయా, విసనకర్రలు తిరుగుతాయా అని అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. పిన్ని కూర వడ్డించి లోపలికెళ్ళిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఓ ఏడాది రోళ్ళు పగిలే రోహిణి ఎండల్లో పెదనాన్న మేడ కట్టి ప్రార్థన పెట్టించాడు. పాస్టరుగారు, ఆఫీసువాళ్ళు, చుట్టాలు, మేడ నిండా రంగు బల్బులు. పొద్దుగూకాక పిన్నివాళ్ళ నాన్న బస్సు దిగి, చేతిసంచీలో తునికి పళ్ళతో వచ్చాడు. ఎంత రుద్దినా పోని బొగ్గు ఆయన గోళ్ళలో అలాగే ఉంది. ఆఫీసువాళ్ళ ముందు పెదనాన్నకి నామోషీ వేసింది. వియ్యాలవారని కూడా చూడకుండా, పెరట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చోబెట్టి విస్తరి అక్కడికే పంపించాడు.

మంచినీళ్ళు పట్టుకెళ్ళిన పిన్ని అది చూసింది. "ఏం గాదు బిడ్డా, గాలికే కూసున్న" అన్నాడాయన. పెరట్లో ఆకు కదలడం లేదు. పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిన్నగా మీటరు దగ్గరికెళ్ళి ఫ్యూజు పీకి, కొంగున ముడేసుకుని, వాళ్ళ నాన్న పక్కనే నేల మీద కూర్చుంది.

మేడ చీకటైపోయింది. ఫ్యాన్లు ఆగి, విస్తళ్ళ ముందు పెద్దమనుషులంతా చెమటలు కక్కుతున్నారు. పెదనాన్న మీటరు తడిమి, ఫ్యూజు లేదని తెలుసుకుని, అరుచుకుంటూ పెరట్లోకి వచ్చాడు. చేతిలో ఏముందనుకున్నారు? పిన్ని లాంతరు!

"నేనేనండీ బావగారూ" అంది పిన్ని, కూర్చున్న చోటి నుంచి లేవకుండా. "మా నాన్న బయటుంటే ఆయన తవ్విన బొగ్గు కూడా బయటే ఉంటుంది."

పెదనాన్న ఇంట్లోకి చూశాడు, పిన్ని కొంగు చూశాడు. చివరికి లోపలికి రండి మావయ్యగారూ అని గొణిగాడు.

"లోపలివాళ్ళకి వినపడలేదండీ" అంది పిన్ని.

ఈసారి గట్టిగా అన్నాడు. అబ్బ, నా కడుపు ఎంత చల్లబడిందో! తండ్రిని తీసుకెళ్ళి పెదనాన్న కుర్చీలోనే, ఫ్యాను కిందే కూర్చోబెట్టి, అప్పుడు ఫ్యూజు పెట్టింది పిన్ని. ఆ తర్వాత పెదనాన్న ఆమెతో మాట్లాడటం మానేశాడు. పీడా పోయిందని నవ్వేది.

పాత బోర్డు మార్చినప్పుడు ఆ పింగాణీ ఫ్యూజు పిన్ని నాకిచ్చింది. ఇప్పుడు భవానీపురంలో నా బీరువాలో ఉంది. కక్ష పాపమని ఆదివారం ఆదివారం వింటాను, ఆమెన్ కూడా అంటాను. మొన్న మా అల్లుడుగారు ఏసీ గదిలో భోంచేస్తూ, ఆ అడవి ఊళ్ళకి రోడ్లెందుకండీ, వాళ్ళవల్ల దేశానికేంటి అన్నారు. లేచెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేసి, బీరువాలోని ఆ ఫ్యూజు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను.


"అయ్యో, కరెంటు పోయిందండీ" అన్నారు.

"పోలేదు బాబూ, పెరట్లో కూర్చుంది. మర్యాదగా పిలవండి, వస్తుంది" అన్నాను.