వీధికంతటికీ ఒకటే సవరం

మా వీధి మొత్తానికి సవరం ఒకటే. అది మా ఇంట్లో ఉండేది. ఎర్రగుడ్డలో చుట్టి, ఆవకాయ అయిపోయిన జాడీలో పెట్టి, అటక మీద దాచేవాళ్లు. ఎవరింట్లో పెళ్లిచూపులున్నా ముందు రోజు ఆ ఇంటావిడ మా అరుగు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "పిన్నిగారూ, అదొక్కసారి ఇప్పిస్తారా?" అనేది. మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, కొంగు చాటున ఇచ్చి పంపేది. పోలవరం సంతలో కొన్నామనీ, ఎవరో కొండదొరసాని జుట్టనీ చెప్పేది. ఏ కొండో, ఏ దొరసానో ఎవరూ అడగలేదు. ఆ జడ పెట్టుకుని కూర్చున్న పదకొండు మంది పిల్లలకీ సంబంధాలు కుదిరాయి. ఎంత సాంబ్రాణి పొగ వేసినా దానికి కాస్త ఆవఘాటు ఉండేది కాబట్టి, మా ఊరొచ్చిన పెళ్లివారు తుమ్మడం మామూలే. ఆ తుమ్మును మా ఊళ్లో శుభశకునం కింద లెక్కేసేవాళ్లు.

దాన్ని కనిపెట్టుకుని ఉండేది మా అత్తయ్య, నాన్నగారి అక్క. పదిహేనో ఏట భర్త పోయి పుట్టింటికొచ్చింది. ఆనాటి ఆచారం ప్రకారం తల గొరిగించి, తెల్లచీర కట్టబెట్టి, వంటింటి వెనక గదిలో ఉంచారు. శుభకార్యమంటే ఆవిడ ఎవరికీ ఎదురు రాకూడదు. అంతకుముందు అత్తయ్య జడ మోకాళ్ల దాకా ఉండేదని మామ్మ ఒకటి రెండుసార్లు అని, వెంటనే మాట మార్చేసింది.

సవరం అరువెళ్లిన రోజు అత్తయ్య అన్నం ముట్టేది కాదు. తిరిగొచ్చాక ముక్కు దగ్గర పెట్టుకుని, "ఛీ, ఆముదం రాశారు ముదనష్టపువాళ్లు" అని తిట్టి, కుంకుడురసంతో కడిగి, పాయ పాయా విడదీసి దువ్వేది. "ఏంటక్కా ఈ పిచ్చి?" అని నాన్నగారు విసుక్కునేవారు. నాకూ పిచ్చనే అనిపించేది.

నాకు పదకొండో ఏడు వచ్చింది. దాంతోపాటు విషజ్వరం కూడా వచ్చి, నా జుట్టంతా పట్టుకుపోయింది. మళ్లీ మొలిచింది బొటనవేలంత. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. నాకు కొప్పు సంగతి దేవుడెరుగు, పేలు కూడా కాపురం పెట్టలేదు. సరిగ్గా అప్పుడే నిడదవోలు వైపు నుంచి సంబంధం వచ్చింది.

పెళ్లికొడుకు తల్లి జడ లాగి చూస్తుందని మూడూళ్లలో పేరు. లాగదూ మరి! పెద్దకోడలు కాలవలో స్నానం చేస్తుండగా సవరం ఊడి, నీళ్లలో కొట్టుకొస్తుంటే పామనుకుని ఈ అత్తగారు జ్వరపడిందట. అందుకని మా ఇంట్లో పెద్ద ఆలోచనే జరిగింది. సవరాన్ని గుడ్డపట్టీకి కుట్టి, ఆ పట్టీని తుమ్మబంకతో నా నెత్తికి అంటించి, పైన నల్లదారంతో ఇరవై చుట్లు చుట్టారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా, బంకతో అంటించిన అబద్ధం ఇంకాస్త గట్టిగా ఉంటుందని మా అమ్మ ధీమా.

బంక ఆరేకొద్దీ నా నెత్తి చర్మం వెనక్కి లాక్కుపోయింది. కనుబొమలు నుదుటి మీదికెక్కాయి. కళ్లు మూతపడవు. నోరు సున్నాలా తెరుచుకుని ఉండిపోయింది. అద్దంలో చూసుకుంటే దొంగను చూసిన పిల్లలా ఉన్నాను. మా అమ్మ మాత్రం, "కళ్లు చూడండి, ఎంత పెద్దవయ్యాయో! ముందే చెయ్యాల్సింది" అని మురిసిపోయింది.

పెళ్లివారు పడవ దిగి వచ్చారు. పెళ్లికొడుకు తల్లి నన్ను ఎగాదిగా చూసింది.

"అమ్మాయి అలా గుడ్లు మిటకరిస్తుందేంటండీ?"

"మీరొచ్చారని సంబరమండి" అంది అమ్మ.

"ఓసారి నవ్వమనండి."

నవ్వడానికి నా ముఖంలో చోటు లేదు. పాట పాడమన్నారు. పెదవులు కలవవు కాబట్టి పాటలో సగం అక్షరాలు రానే లేదు. పెళ్లికొడుకు తండ్రి కళ్లు మూసుకుని తలూపుతూ, "సంగీతం బాగా నేర్పించారండి" అన్నాడు.

అప్పుడావిడ లేచి, నా వెనక చేరి, జడ పట్టుకుని లాగింది. జడ రాలేదు. నేనే పీటతో సహా వెనక్కి వెళ్లాను. మళ్లీ లాగింది, మళ్లీ వెళ్లాను. మూడోసారికి గోడ అడ్డొచ్చింది. నాకిక వెళ్లడానికి దారి లేకపోవడంతో జడే వెళ్లింది, కాస్త తోలుతో సహా. నా అరుపుకి పెరట్లో ఆవు బదులు పలికింది.

కొంప మునిగిందనుకున్నాం. ఆవిడ మాత్రం కోప్పడలేదు. సవరాన్ని చేతికి చుట్టుకుని, వెలుతురులోకి తీసుకెళ్లి చూసి, తుమ్మి, "ఎంత మెత్తగా ఉందండీ!" అంది. తన కొప్పు విప్పి చూపించింది. ఉసిరికాయంత ఉంది. "సంబంధం ఖాయం చేసుకుందాం. కానీ ఈ సవరం పిల్లతోపాటు మా ఇంటికి రావాలి."

"తప్పకుండానండి. పిల్లకంటే ముందే పంపిస్తాం" అన్నారు నాన్నగారు.

"పంపించవు" అన్న మాట వినిపించింది.

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. ముప్పై ఏళ్లలో ఆవిడ ముందు గదిలోకి రావడం అదే మొదలు. పెళ్లివారు ముఖాలు తిప్పుకున్నారు. నాన్నగారు కంగారుగా, "అక్కా, లోపలికి వెళ్లు" అన్నారు.

"వెళ్తానురా. నా జుట్టు నాకిచ్చెయ్యమను, వెళ్తాను."

నాన్నగారు మామ్మ వైపు తిరిగారు. మామ్మ గోడకి చేరబడి నెమ్మదిగా అంది: "నిజమేరా. గోదాట్లో కలిపి రమ్మని మీ నాన్నగారు మూట నా చేతికిచ్చారు. నాకు చేతులాడలేదు. కొబ్బరి పీచు మూటకట్టి వేసొచ్చాను. ఆయన ఒడ్డునుంచి దణ్ణం కూడా పెట్టారు."

పెళ్లికొడుకు తల్లి నిప్పు తొక్కినట్టు ఎగిరి సవరం వదిలేసింది. అది సున్నుండల పళ్లెంలో పడింది. వాళ్లు పడవెక్కే ముందే కట్టుబట్టలతో నీళ్లలో మూడు మునకలు వేసి, తడిబట్టలతోనే వెళ్లిపోయారు. సాయంత్రానికి కబురు వీధంతా పాకింది. ఆ పదకొండు మంది పిల్లల తల్లులూ రేవుకి పరిగెత్తి తలారా మునిగారు. కూతుళ్లందరూ అత్తారిళ్లలో పసుపు కుంకాలతో చల్లగా ఉన్నారు, అది వేరే సంగతి. ఒకావిడ తల తుడుచుకుంటూ మా అరుగు దగ్గరికొచ్చి, "పిన్నిగారూ, మా రెండోదానికి ఎల్లుండి చూపులండి. మరీ..." అంది. మామ్మ తలుపేసుకుంది.

వెనక గదిలో అత్తయ్య వేన్నీళ్లతో నా నెత్తి మీద బంక నానబెట్టి తీసింది. కనుబొమలు వాటి చోటికి దిగాయి. నా తల, ఆవిడ తల ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి. సంబంధం పోయిందని అమ్మ పక్కగదిలో శోకాలు పెడుతోంది. నాకు మాత్రం అత్తయ్య మీదే జాలేసింది, ఆ కడగడాన్నీ దువ్వడాన్నీ పిచ్చనుకున్నందుకు సిగ్గేసింది.

ఆవిడ సవరానికంటిన సున్నుండల పొడి దులిపి, శుభ్రంగా దువ్వి, తలుపు గడియ పెట్టింది. ముసుగు తీసి, గుడ్డపట్టీ తలకి కట్టుకుని, అటు తిరిగి నిలబడింది.

"చూడవే, మోకాళ్ల దాకా వస్తోందా?"

ముప్పై ఏళ్ల దువ్వెనలకీ అరువులకీ అరిగిపోయి, అది నడుము కూడా అందడం లేదు.

"వస్తోందత్తయ్యా" అన్నాను.