బూడిదను వాపసు తెచ్చిన పర్వతాలు

మీ నాయిన ఏం చేస్తడని ఎవరన్నా అడిగితే, డ్రైవర్ అని చెప్పి ఊకోబుద్ధి కాదు నాకు. కూసోబెట్టి ఇదంతా చెప్త.

మా బాపు పేరు పర్వతాలు. దేవరకొండ దిక్కు గొర్లు కాసే ఇంట్ల పుట్టిండు. కరువుల మందంతా పోయినంక లారీ నేర్చుకున్నడు. మా అమ్మను, నన్ను తీసుకొని జడ్చర్లకు వచ్చి, ఓ కిరాయి ఇంట్ల దిగిండు. మాటలు తక్కువ. బండెక్కే ముందు టైర్లన్నిటిని కాలుతోటి తన్ని చూసుకుంటడు, కొత్త బండైనా సరే.

ఆయన పని బూడిద మోసుడు. కంపెనీల చెత్తను పెద్ద కొలిమిల కాల్చే ఫ్యాక్టరీ ఒకటి ఉండె. కాలినంక మిగిలిన బూడిదను టిప్పర్ల నింపుకొని, ముప్పై కిలోమీటర్ల అవతల సర్కారు ఒప్పుకున్న డంపింగ్ జాగాల పోసి రావాలె. ఆ జాగాను చూసుకునేది నాగేందర్ సార్. ఒకరోజు బాపు ఆయనను అడిగిండట.

"కాలిపోయిన బూడిదే కద సార్. దీని కింద ఇంత మందం నల్ల షీటు ఎందుకు పరిచిండ్రు?"

"కాలేది చెత్త, పర్వతాలు. సీసం, కాడ్మియం అసోంటివి కాలవు, బూడిదలనే ఉంటయి. వాన పడితే నీళ్లల్ల కరిగి కిందికి దిగుతయి. షీటు లేదనుకో, సీదా బోర్లకే పోతయి. రంగు మారదు, రుచి మారదు. ఏండ్లు తాగినంక కిడ్నీలు పోతయి, పిల్లలకు చదువు ఎక్కదు."

ఆ మాట బాపు మనసుల పడ్డది.

2019 ఎండకాలంల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ వెంకన్న కొత్త తొవ్వ చూపిండు. "అంత దూరమెందుకు? రాళ్లకుంట ఊరి కాడ పాత క్వారీ ఉన్నది, అండ్ల పోసెయ్."

"కింద షీటు ఏసిండ్రా?" అన్నడు బాపు.

"నువ్వు డ్రైవర్‌వా, ఇంజనీర్‌వా?"

కొలువు పోతదని బాపు భయపడ్డడు. పధ్నాలుగు ట్రిప్పులు ఆ క్వారీల పోసిండు. ఈ సంగతి ఆయన ఎన్నడూ దాయలే, నేనెందుకు దాయాలె?

తొలకరి వాన పడ్డ తెల్లారి పదిహేనో ట్రిప్పు తీసుకొని పోయిండు. క్వారీల మోకాలు లోతు నీళ్లు నిలిచినయి, పైన బూడిద మీగడ లెక్క తేలుతాంది. క్వారీ దిగువన ఊరి బోరింగు. అక్కడ బిందె నింపుకుంటున్న ముసలామె, భద్రమ్మ అని, బాపును చూసి పిలిచింది.

"ఎక్కడికెల్లి వస్తున్నవో బిడ్డా, జర నీళ్లు తాగిపో."

చెంబు చేతికిచ్చింది. బాపు తాగలేక పోయిండు, వద్దనలేక పోయిండు.

"అవ్వా, ఊరంతా గీ నీళ్లేనా తాగేది?"

"గివ్వే బిడ్డా. మస్తు తియ్యగుంటయి."

బాపు చెంబు కింద పెట్టి, లోడు దించకుండనే బండి మలుపుకొని ఫ్యాక్టరీకి పోయిండు. తాళంచెవి వెంకన్న టేబుల్ మీద పెట్టి, "రాళ్లకుంటల బూడిద నేను పొయ్య" అన్నడు. ఆ పొద్దే కొలువు పోయింది.

తెల్లారి బస్సెక్కి రాళ్లకుంట పంచాయతీ ఆఫీసుకు పోయిండు. నలుగురు కూడినంక నిలబడి చెప్పిండు. "క్వారీల బూడిద పోసింది నేనే. పధ్నాలుగు ట్రిప్పులు. అది విషం. ఆ బోరింగు నీళ్లు ముట్టకుండ్రి."

ఒకాయన కాలరు పట్టిండు. ఇంకొకాయన చెయ్యి లేపిండు. భద్రమ్మ అడ్డం వచ్చింది.

"ఆగుండ్రి! చెప్పనీకె వచ్చినోన్ని కొడితే, రేపు ఇంకెవ్వడొచ్చి చెప్తడు?"

అందరు కలిసి సీసాల నీళ్లు పట్టుకొని కలెక్టరాఫీసుకు పోయిండ్రు. అక్కడికెల్లి ఆ సీసాలు ల్యాబుకు పోయినయి. రిపోర్టు వచ్చేదాక మూడు వారాలు బాపు సరిగ్గ అన్నం తినలే. సీసం, కాడ్మియం రెండూ హద్దు దాటినయని తేలింది. బోరింగుకు ఎర్ర రంగు ఏసిండ్రు, ఊరికి ట్యాంకర్లు వచ్చినయి, బూడిదంతా ఎత్తి డంపింగ్ జాగాకు చేర్చాలెనని ఫ్యాక్టరీకి ఆర్డర్ వచ్చింది.

"ఆ బండి నేను నడుపుత" అని బాపు ఆఫీసర్ల ముందటికి పోయి అడిగిండు. బూడిద ఒక్కటి ఎత్తితే సరిపోలే, అడుగున నానిన మట్టి గూడ గీకాల్సి వచ్చింది. పోసింది పధ్నాలుగు ట్రిప్పులు, తీసింది ఇరవై రెండు. ప్రతి ట్రిప్పుకు టార్పాలిన్ కప్పి, తాడు తానే బిగించిండు. ఆఖరి ట్రిప్పుల నేను పక్కన కూసున్న. డంపింగ్ జాగా కాడ నాగేందర్ సార్ బాపు చెయ్యి పట్టుకొని ఊపిండు. అంత సంబురం నాకు ఎన్నడూ కాలే.

ఇప్పుడు బాపు ఓ స్కూలు బస్సు నడుపుతుండు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, వానలైనంక, సెలవు పెట్టి రాళ్లకుంటకు పోతడు. సర్పంచి ముందట సీసాల నీళ్లు పట్టి, తారీఖు రాసి, ల్యాబుల ఇచ్చి వస్తడు. మొన్నటి రిపోర్టుల సీసం హద్దు లోపలికి దిగింది. కాడ్మియం ఇంకా కొంచెం ఎక్కువనే ఉన్నది.

కాయితం చదివి చెప్తే భద్రమ్మ అన్నదట, "అయితే ఇంకో వానకాలం చూద్దాం తియ్యి. నువ్వైతే రా."

"వస్త అవ్వా" అన్నడు బాపు.